వైవాలో నోరు విప్పని స్టూడెంట్: "సహకరించగలరు" అంటే అసలు ఏం చెయ్యాలి?

ల్యాబ్_మేడం (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, పోస్టు పెద్దదైపోయింది, ఓపిగ్గా చదవండి.

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. సెమిస్టర్ మొదట్లో డిపార్ట్‌మెంట్‌కి ఒక లెటర్ వచ్చింది, సెకండియర్ అబ్బాయి ఒకతనికి ఆటిజం ఉంది, "అధ్యాపకులు సహకరించగలరు" అని. అంతే, ఒక్క లైను. సహకరించడం అంటే ఏం చెయ్యాలో అందులో లేదు, అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు, మా స్టాఫ్‌లో ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకున్నారు. ఒకాయన ఆ అబ్బాయిని ప్రశ్నలు అడగడమే మానేశారు, ఇంకొకాయన "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా" అని లెటర్ మడిచి డ్రాయర్లో పెట్టేశారు.

రాతలో అతనికి తిరుగులేదండి. రికార్డు తెరిస్తే ప్రతి గ్రాఫు అచ్చేసినట్టు ఉంటుంది, నా ల్యాబ్ మాన్యువల్లో తప్పులు రెండు పట్టుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇచ్చాడు కూడా. కానీ వైవాకి, అంటే నోటితో చెప్పే పరీక్షకి, కూర్చోబెడితే ఒక్క మాట రాదు. పోయిన వారం "నీ సర్క్యూట్ గురించి చెప్పు నాన్నా" అన్నాను, టేబుల్ వైపే చూస్తూ ఉండిపోయాడు. సరే భయపడుతున్నాడేమో అని ఇంకోలా అడిగా, మళ్ళీ ఇంకోలా అడిగా, పక్కనున్న ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్) ఏమో "కళ్ళలోకి చూసి మాట్లాడు" అని గట్టిగా అన్నారు, అంతే, లేచి బయటికి వెళ్ళిపోయాడు. దానికితోడు మామూలు ల్యాబ్ రోజుల్లో కూడా మూడోవంతు టైము వరండాలోనే ఉంటాడు, ఎందుకో తెలీదు.

సబ్జెక్టు తెలిసిన పిల్లాడికి సున్నా వెయ్యాలంటే చెయ్యి రావట్లేదు, ఊరికే మార్కులు వెయ్యడం కూడా నాకిష్టం లేదు. ఏం చెయ్యమంటారు?

రాత్రిపక్షి (సోమవారం, రాత్రి 11:52)

మేడం నేను ఆటిస్టిక్. నాకు తెలిసింది ఇరవై ఆరేళ్ళప్పుడు, అంటే డిగ్రీ మొత్తం అయిపోయాక, అందుకని నాకు అలాంటి లెటర్ కూడా లేదు, పొగరుబోతు అన్న పేరొకటే ఉండేది. మీ పోస్టు చదువుతుంటే ఆ వైవా గదిలో నేనే కూర్చున్నట్టు ఉంది.

అక్కడ ఏం జరిగి ఉంటుందో చెప్తాను, అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, నాకు ఇలా ఉంటుంది. "నీ సర్క్యూట్ గురించి చెప్పు" అనేది నాకు ప్రశ్నలా వినపడదు. ఎక్కడ మొదలెట్టాలి? రెసిస్టర్ కలర్ కోడ్ నుంచా, సిద్ధాంతం నుంచా, నేను వైర్లు కలిపిన వరస నుంచా? ఎంతసేపు చెప్పాలి? మీకు ఆల్రెడీ తెలిసింది మళ్ళీ చెప్పాలా? మామూలు వాళ్ళు ఇవేవీ ఆలోచించకుండానే ఏదో ఒకటి ఎత్తుకుంటారు, మాకు ఆ తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, దేంట్లోంచి వెళ్ళాలో తెలీక గుమ్మంలో నిలబడిపోతాం.

రెండోది, మీరు మంచి మనసుతోనే చేశారు గానీ అదే ఎక్కువ దెబ్బ కొట్టింది. మొదటి ప్రశ్నకి నేను లోపల జవాబు సగం కట్టుకునేసరికి మీరు మాటలు మార్చి ఇంకోలా అడిగారు. నా తలలో అది కొత్త ప్రశ్న. కట్టిందంతా కూల్చి మళ్ళీ మొదటినుంచి. మూడోసారి అడిగితే మూడోసారి కూల్చాలి. ఒకసారి అడిగి ఊరుకోండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి, చాలకపోతే ఇరవై. గదిలో ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా ఉంటుంది, మాకు మాత్రం అది పనిచేసుకునే టైము.

ఇక కళ్ళలోకి చూడ్డం. నేను ఎవరి కళ్ళలోకైనా చూస్తే మాట వినపడదు, మాట వినాలంటే కళ్ళు పక్కకి తిప్పాలి. రెండూ కావాలంటే కుదరదు, ఏదో ఒకటి కోరుకోమనండి ఆ ఎక్స్‌టర్నల్ గారిని.

ప్రశ్న ఎలా ఉండాలంటే "ఇది తీసేస్తే ఏమవుతుంది", "ఇక్కడ రీడింగ్ ఎంత రావాలి, ఎందుకు" అన్నట్టు. చివర ఎక్కడుందో తెలిసే ప్రశ్న.

సూటిగా_చెప్తా (మంగళవారం, ఉదయం 7:15)

ఎవరూ ఏమీ అనుకోవద్దు. మిగతా అరవై మందికి లేని సదుపాయం ఒక్కడికి ఎందుకు? వాళ్ళలో మాట తడబడేవాళ్ళు, భయంతో చెమటలు పట్టేవాళ్ళు ఎంతమంది లేరు. వైవా అంటేనే అప్పటికప్పుడు చెప్పగలగడం. అది లేకపోతే దాన్ని వైవా అనడం దేనికి, ఇంకో రాతపరీక్ష పెట్టేస్తే పోలా.

ఒక్కడి_అమ్మని (మంగళవారం, ఉదయం 10:05)

మేడం ముందు మీకు దణ్ణం పెట్టాలి, మా వాడికి ఇలా అడిగే టీచరు దొరకడానికి ఫైనలియర్ దాకా పట్టింది.

నేను చేసిన తప్పు చెప్తాను, మీకు పనికొస్తుందేమో. స్కూల్లో ఉన్నన్నాళ్ళు అన్నీ నేనే మాట్లాడేదాన్ని, టీచర్లని కలవడం, డైరీ రాయించుకోవడం, బ్యాగు సర్దడం దగ్గర్నుంచి. కాలేజీలో కూడా అలాగే ప్రొఫెసర్లకి ఫోన్లు చేశా. ఒకరోజు వాడు నాకు మెసేజ్ పెట్టాడు, పక్క గదిలోంచే, "నా గురించి మాట్లాడే ముందు నన్ను అడుగు" అని. పందొమ్మిదేళ్ళ కొడుకు. ఆ మెసేజ్ ఇప్పటికీ డిలీట్ చెయ్యలేదు.

కాబట్టి మీరు వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్ చేసే ముందు ఆ అబ్బాయినే అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి "నీకేం కావాలి" అని అడిగితే మాత్రం "ఏం వద్దు" అనే వస్తుంది, ఎందుకంటే ఏమేం దొరుకుతాయో వాడికి తెలీదు కదా, తెలీనిది ఎలా అడుగుతాడు. మా వాడి గైడ్ గారు ఏం చేశారంటే ఒక కాగితం మీద ఆరేడు రాసిచ్చారు, ప్రశ్నలు ముందురోజు ఇవ్వడం, జవాబు రాసి చూపించడం, గదిలో ఒక్కరే ఉండటం, మొదటి పదినిమిషాలు మామూలుగా కూర్చోవడం, ఇలాంటివి. ఇంటికెళ్ళి టిక్ పెట్టి తీసుకురమ్మన్నారు. మూడు టిక్‌లు పెట్టుకొచ్చాడు, నాలుగోది కింద వాడే రాసుకున్నాడు, "ఫ్యాన్ ఆపాలి" అని. నాకు పందొమ్మిదేళ్ళుగా తెలీదు వాడికి ఆ ఫ్యాను చప్పుడంటే పడదని.

ఇంకోటి, క్లాసులో అందరిముందు "ఇతనికి ఆటిజం, మీరందరూ సర్దుకోండి" అని చెప్పకండి దయచేసి. చెప్పాలా వద్దా, ఎవరికి చెప్పాలి అన్నది అతనిష్టం.

ల్యాబ్_మేడం (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఫ్యాన్ అనగానే నాకు వెలిగింది! అమ్మగారూ, రాత్రిపక్షి గారూ, ఇద్దరికీ థాంక్స్. ఇప్పుడే మెయిల్ పెట్టాను ఆ అబ్బాయికి, కాగితం పద్ధతిలోనే, ల్యాబ్‌లో ఇబ్బంది పెట్టేవి ఏంటో రాయమని. పావుగంటలో జవాబు. మూడో బల్ల పైన ట్యూబ్‌లైటు పాత చోక్‌ది, గుయ్‌మంటోందట, సెకనుకి వంద సార్లు ఆరి వెలుగుతోందట, దాని కింద నిలబడితే మీటర్ రీడింగ్ చదవలేకపోతున్నాడట. చివర్లో "చోక్ మార్చాలి లేదా ఎల్‌ఈడీ పెట్టాలి, ఎల్‌ఈడీ అయితే డ్రైవర్ మంచిది చూసి కొనండి, నాసిరకంవి కూడా మినుకుతాయి" అని సలహా కూడా ఇచ్చాడు. నేను ఆరేళ్ళుగా ఆ లైటు కిందే నిలబడి పాఠం చెప్తున్నా.

పాతకాగితాలు (మంగళవారం, సాయంత్రం 6:20)

సైకాలజీ చెప్తాను నేను, కాస్త వెనక కథ చెప్తా, సూటిగా గారి ప్రశ్నకి కూడా ఇందులోనే జవాబు ఉంది.

1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాశాడు, ఆ మరుసటేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాశాడు. అంతా పిల్లల గురించే. ఆస్పెర్గర్ పేరు ఇంగ్లిష్ చదివేవాళ్ళకి బాగా తెలిసింది 1981లో బ్రిటిష్ మానసిక వైద్యురాలు లోర్నా వింగ్ రాశాక. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ మాన్యువల్లో ఆస్పెర్గర్స్ అని విడిగా ఒక పేరు పెట్టింది 1994లో, మళ్ళీ 2013లో వచ్చిన ఐదో ఎడిషన్లో అన్నీ కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అని ఒకే గొడుగు కిందకి తెచ్చారు. చప్పుళ్ళు, వెలుతురు, తాకిడి విషయంలో తేడాలు కూడా ఒక లక్షణంగా లిస్టులోకి ఎక్కింది ఆ 2013 ఎడిషన్లోనే. అంటే ట్యూబ్‌లైటు గొడవ కాగితం మీదికి వచ్చి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. మన తరం లెక్చరర్లకి ఎవరూ చెప్పకపోవడంలో వింతేం లేదు.

ఇంకో ముఖ్యమైనది. "వాళ్ళకి ఎదుటివాళ్ళు అర్థం కారు" అని చాలాకాలం అన్నారు కదా, 2012లో డామియన్ మిల్టన్ అనే సోషియాలజిస్టు, ఆయన కూడా ఆటిస్టికే, ఎదురు అడిగాడు, మరి మీకు మేము అర్థమవుతున్నామా అని. అర్థం కాకపోవడం రెండువైపులా ఉంది, దాన్ని డబుల్ ఎంపతీ సమస్య అన్నాడు. 2020లో క్యాథరిన్ క్రాంప్టన్ అనే పరిశోధకురాలు, ఆవిడ బృందం దీన్ని పరీక్షించారు, మన చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకుంటూ చివరివాడి దాకా పంపే ఆట ఉంది చూడండి, అచ్చం అలాగే. ఒక వరసలో అందరూ ఆటిస్టిక్, ఒక వరసలో ఎవరూ కాదు, ఒక వరసలో కలగలుపు. మొదటి రెండు వరసల్లో కథ దాదాపు సమానంగానే చివరిదాకా చేరింది, కలగలుపు వరసలోనే ఎక్కువ జారిపోయింది. కాబట్టి మీ వైవా గదిలో మాట ఎక్కడ తెగిందో వెతకాలంటే ఆ అబ్బాయి నోట్లోనే వెతికితే సరిపోదు.

సమానత్వం సంగతికొస్తే, 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం కాలేజీ చదువుల గురించి కూడా చెప్తుంది, తగిన సర్దుబాట్లు చెయ్యాలని. దయాదాక్షిణ్యాల లెక్కన రాసింది కాదది.

సూటిగా_చెప్తా (మంగళవారం, రాత్రి 8:02)

చెవిలో చెప్పే ఆట పాయింటు బాగుంది, ఒప్పుకుంటా. కానీ రేపు ఉద్యోగంలో బాస్ పది అంకెలు లెక్కపెడతాడా? అలవాటు చెయ్యకపోతే నష్టపోయేది ఆ పిల్లాడే.

రాత్రిపక్షి (మంగళవారం, రాత్రి 11:40)

సూటిగా గారూ, నేను ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా. మా బాస్ లెక్కపెట్టడు, నిజమే, మీటింగ్ అజెండా ముందురోజు మెయిల్లో పంపిస్తాడు. నా కోసం మొదలెట్టింది ఇప్పుడు టీమ్ మొత్తానికీ పంపిస్తున్నాడు, మీటింగులు సగం టైములో అయిపోతున్నాయి.

అలవాటు చెయ్యడం అంటున్నారే, డిగ్రీలో నేను అదే చేశా. అందర్నీ చూసి ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు కళ్ళు కలపాలి, ఎవరైనా "ఎలా ఉన్నావ్" అంటే ఎంత జవాబు చెప్పాలి అని కాపీ కొట్టి బతికా. మాస్కింగ్ అంటారు దాన్ని. సాయంత్రం రూముకొచ్చి బూట్లు కూడా విప్పకుండా నేలమీద పడుకునేదాన్ని రెండేసి గంటలు, లైటు వేసుకోకుండా. థర్డ్ ఇయర్లో అది కూడా చాలక నెలన్నర కాలేజీకే వెళ్ళలేకపోయా. క్లాసులో మీకు "బాగానే ఉన్నాడు" అనిపించే మనిషి ఆ బాగుండటానికి ఎంత కడుతున్నాడో మీకు కనపడదు, ఎందుకంటే ఆ బిల్లు ఇంటికొచ్చాక వస్తుంది.

హాస్టల్_డ్యూటీ (బుధవారం, ఉదయం 6:10)

ఆ బిల్లు వచ్చేది మా దగ్గరికేనమ్మా. పద్నాలుగేళ్ళుగా హాస్టల్లో ఉన్నా, మా అనుభవం చెప్తా.

ఒక అబ్బాయి, రూమ్ మార్చారు అప్పటికప్పుడు, మెయింటెనెన్స్ అని. సామాన్లు వరండాలో. తలమీద చేతులు పెట్టుకుని గోడకి కొట్టుకుంటూ అరుస్తున్నాడు. చుట్టూ ఇరవై మంది, ఒకడు ఫోన్లో తీస్తున్నాడు, నేను వెళ్ళి భుజం పట్టుకున్నా, ఏమైంది ఏమైంది అని, అరుపు ఇంకా పెరిగింది. నాకు అప్పట్లో తెలీదు. తర్వాత ఆ అబ్బాయే చెప్పాడు, సార్ మీ చెయ్యి నాకు నిప్పులా తగిలింది అని.

ఇప్పుడు ఏం చేస్తానంటే ముందు జనాన్ని పంపేస్తా. లైటు తీసేస్తా. ఏమీ అడగను, ముట్టుకోను, తల కొట్టుకుంటుంటే గోడకీ తలకీ మధ్య దిండు పెడతా, కొంచెం దూరంలో కింద కూర్చుంటా. పావుగంటో గంటో. అయ్యాక "ఎందుకలా చేశావ్" అని అడగను, మంచినీళ్ళు పెట్టి వచ్చేస్తా, మాటలు ఏవైనా ఉంటే మర్నాడే. దాన్ని మెల్ట్‌డౌన్ అంటారట, మొండితనం వేరు ఇది వేరు. కొందరు అరవరు, నోరు పడిపోయినట్టు అయిపోతారు, మీ వైవాలో అబ్బాయిది అదేమో చూడండి మేడం.

రూము మార్పు ఉంటే ఇప్పుడు వారం ముందే నోటీసు పెడుతున్నా, కొత్త రూము ఒకసారి చూపిస్తున్నా. అందరికీ.

ఫైనలియర్_బ్యాచ్ (బుధవారం, మధ్యాహ్నం 12:48)

టీచర్లందరూ వైవా గురించే మాట్లాడుతున్నారు, అసలు నరకం గ్రూప్ ప్రాజెక్టండీ బాబూ. మా గ్రూపులో ఒక అమ్మాయి ఆటిస్టిక్, మాకు మొదట్లో తెలీదు. వాట్సాప్ గ్రూపులో రోజుకి మూడొందల మెసేజీలు, అందులో రెండొందల తొంభై జోకులు, మధ్యలో ఎక్కడో "సరే అయితే రేపు చేసేద్దాం" అని ఉంటుంది. ఎవరు చేసేద్దాం? ఏం చేసేద్దాం? మాకేమో అర్థమైపోతుంది, అంటే నిజానికి మాకూ అర్థం కాదు కానీ అయినట్టు ఉంటాం. ఆ అమ్మాయి మాత్రం అడిగేది, "ఎవరు, ఎన్ని గంటలకి, ఏ భాగం" అని. మాకు చిరాకు. రిపోర్ట్ డ్రాఫ్ట్ "ఒకసారి చూడు" అన్నాం, చూసింది, చూశాను అంది. మేం దిద్దమని కదా చెప్పింది! అని గొడవ. కాదు మేం చూడమనే చెప్పాం, స్క్రోల్ చేసి చూసుకుంటే.

తర్వాత ఆ అమ్మాయే ఒక షీట్ తయారుచేసింది, పని, పేరు, తేదీ, "అయిపోయింది అంటే ఏమిటి" అని నాలుగో కాలమ్. ఆ నాలుగో కాలమ్ మా ప్రాజెక్టుని బతికించింది నిజంగా. మేడం మీరు గ్రూపులు వేసేటప్పుడు "మీలో మీరు చూసుకోండి" అనొద్దు, ఎవరూ పిలవక చివర్లో మిగిలిపోయేది వాళ్ళే.

గణితం_సార్ (బుధవారం, సాయంత్రం 5:33)

గడువుల గురించి ఒక్క మాట. నేను ఒకప్పుడు చాలా ఉదారంగా "నీకు కుదిరినప్పుడు ఇవ్వు బాబూ" అనేవాణ్ణి. ఆ కుర్రాడు సెమిస్టర్ అయ్యేదాకా ఇవ్వలేదు, ఎందుకంటే ఎప్పటికీ "ఇంకా బాగా చెయ్యొచ్చు" అనిపించేదట, ఆపే గోడ లేదు. మొదలుపెట్టడం, మధ్యలో ముక్కలు చేసుకోవడం, ఆపడం, ఈ మూడే కష్టం, లెక్క కష్టం కాదు. ఇప్పుడు తేదీ ఇస్తాను, మధ్యలో రెండు చిన్న తేదీలు ఇస్తాను, పొడిగిస్తే కొత్త తేదీ కాగితం మీద రాసిస్తాను. గది మారితే బోర్డు మీద రాసి ఊరుకోకుండా మెయిల్ పెడతాను. ఇంతకుమించి పెద్ద విద్యలేం నా దగ్గర లేవు.

ఒకటి గుర్తొచ్చింది. టెంపుల్ గ్రాండిన్ అని పశువుల శాస్త్రంలో ప్రొఫెసరు, మూడున్నరేళ్ళ దాకా మాటల్లేవు ఆవిడకి. పశువుల్ని నొక్కిపట్టే చట్రం చూసి తనకోసం అలాంటిదే చేసుకుంది, అందులో ఒత్తిడి తగిలితే మనసు నెమ్మదిస్తుందని. అందరూ పిచ్చి అన్నారు, హైస్కూల్ సైన్స్ మాస్టారు కార్లాక్ మాత్రం అది ఎందుకు నెమ్మదిస్తుందో తెలుసుకోవాలంటే సైన్స్ చదువు అన్నాడు. 1989లో డాక్టరేట్ చేసింది. నాకు ఆవిడకంటే ఆ మాస్టారంటేనే అసూయ. అందరూ గ్రాండిన్‌లు అవుతారని కాదు సుమా, అవ్వాల్సిన పనీ లేదు.

ల్యాబ్_మేడం (తర్వాతి మంగళవారం, రాత్రి 10:15)

అప్‌డేట్ అడిగారు కదా.

నిన్న రీ-వైవా పెట్టించాను, హెచ్‌ఓడీని ఒప్పించడానికి రెండ్రోజులు పట్టింది. మార్కుల షీటు తీసి చూపించా, అందులో "సూత్రం, పనితీరు, లోపం కనిపెట్టడం" అని మూడే ఉన్నాయి, కళ్ళలోకి చూడ్డానికి మార్కులు ఎక్కడా లేవు, వేగానికి కూడా లేవు. అది చూశాక ఇంకేం అనలేదు ఆయన. సూటిగా గారూ, మీ ప్రశ్నే నాకు ఆ షీటు తీసి చదివించింది.

ప్రశ్నలు ముందే ఇవ్వలేదు, అతనే వద్దన్నాడు, టిక్ పెట్టలేదు. పెట్టినవి రెండే, ప్రశ్న చీటీ మీద రాసి ఇవ్వడం, ఎక్స్‌టర్నల్ పక్కన కూర్చోవడం, ఎదురుగా కాకుండా. మొదటి చీటీ: "కెపాసిటర్ తీసేస్తే అవుట్‌పుట్ ఏమవుతుంది?" ఇచ్చి ఊరుకున్నా. పది దాటింది, పదిహేను దాటింది, నాకు నోట్లో మాట ఆగట్లేదు, నాలుక కరుచుకుని కూర్చున్నా. పద్దెనిమిది దగ్గర తలెత్తకుండా అన్నాడు, "ఏ కెపాసిటర్ మేడం? ఇందులో రెండున్నాయి."

నిజమే, రెండున్నాయి. పోయినసారి అతను ఆగిపోయిన చోటు కూడా ఇలాంటిదే అయ్యుంటుందని అప్పుడు అనిపించింది. ఫిల్టర్‌ది అన్నాను. ఇక అక్కణ్ణుంచి రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజ్‌లో మిగిలే హెచ్చుతగ్గులు) ఎంత పెరుగుతుందో, సగటు వోల్టేజ్ ఎందుకు పడిపోతుందో, లోడ్ మారితే ఏమవుతుందో ఏకధాటిగా ఆరు నిమిషాలు, ఆపడానికి నేనే చెయ్యెత్తాల్సొచ్చింది.

అన్నీ బాగైపోలేదు. ట్యూబ్‌లైటు ఇంకా మార్చలేదు, కొత్తది కావాలని ఇండెంట్ పెట్టా, సంతకాల కోసం తిరుగుతోంది. ప్రస్తుతానికి దాని స్టార్టర్ పీకి నా డ్రాయర్లో పెట్టుకున్నా, ఎవరికీ చెప్పకండి. గ్రూప్ ప్రాజెక్ట్ గొడవగానే ఉంది, ఫైనలియర్ అమ్మాయి చెప్పిన నాలుగో కాలమ్ రేపు నుంచి మొదలెడుతున్నాం.

సూటిగా_చెప్తా (తర్వాతి మంగళవారం, రాత్రి 10:31)

మిగతా అరవై మందికి కూడా చీటీ మీద ప్రశ్న ఇస్తారా మేడం?

ల్యాబ్_మేడం (తర్వాతి మంగళవారం, రాత్రి 10:34)

ఇస్తున్నా. గురువారం బ్యాచ్ నుంచి. ఏ కెపాసిటరో కూడా రాసి ఇస్తా.